యాభై ఏడో నోటీసు

పోయిన వారం చంటిని మనం రికార్డు గదిలో నేల మీద కూర్చోబెట్టి వచ్చాం. ఒళ్లో చిత్తు ప్రతుల కట్ట విప్పి ఉంది. చేతిలో ఒక కాగితం ఉంది. దాని మీద పెన్సిలుతో ‘ఆపండి’ అని రాసి ఉంది. ఆ రాత ఎవరిదో ఆమె పోల్చుకుంది.

ఇప్పుడే ఈ కథలోకి అడుగు పెడుతున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. చంటికి నలభై రెండేళ్లు. ఆఫీసులో అందరికీ నోటీసుల మేడమ్. ఇంట్లో మాత్రం ఇంకా చంటే. ఆకాశంలో తిరుగుతూ దారి చూపే ఉపగ్రహాల్లో దేనికైనా మరమ్మతు జరగబోతుంటే, ఫలానా రోజు ఫలానా వేళ దాని మాట నమ్మకండి అని నలభై ఎనిమిది గంటల ముందే ఓడలకీ విమానాలకీ రేవులకీ కబురు పంపడం ఆమె పని. ఇరవై మూడు రోజుల కిందట, పొగమంచు కమ్మిన ఉదయం, ఆమె సొంత అన్నయ్య సరంగుగా నడిపే ఫెర్రీ నది మొగలో ఇసుక మేటకి గుద్దుకుంది. పంతొమ్మిది మందికి దెబ్బలు తగిలాయి. ఒక లెక్కల టీచరుకి ఇంతవరకూ తెలివి రాలేదు. ఉపగ్రహాల మాట విని దారి చూపే పెట్టె ఎటు చూపిస్తే అటే వెళ్లామని అన్నయ్య మొదటి రోజు చెప్పాడు. మర్నాటి నుంచి నోరు విప్పడం మానేశాడు. ఆ ఉదయం ఉపగ్రహాల విషయంలో ఏ హెచ్చరికా అమలులో లేదని విచారణ సంఘానికి ఆఫీసు తరఫున ధ్రువపత్రం వెళ్లింది. దాని కింద సంతకం చంటిదే.

అందులో అబద్ధం లేదు. హెచ్చరిక నిజంగానే వెళ్లలేదు. వెళ్లాల్సింది, వెళ్లలేదు.

పదకొండూ నలభై అయింది. చివరి విచారణ మధ్యాహ్నం మూడింటికి.

చంటి లేచి నిలబడింది. ఒక కాలు తిమ్మిరెక్కింది. గోడ పట్టుకుని కాసేపు ఆగాల్సి వచ్చింది. ఆ కాసేపు కూడా ఆమె ఓర్చుకోలేకపోయింది. కట్టకి తాడు చుట్టి అరలో పెట్టి, కాగితాన్ని అట్ట ఫైలులో దాచుకుంది. రికార్డు గది తాళాలు చూసుకునే ముసలాయన తలెత్తి, “దొరికిందామ్మా?” అన్నాడు.

“దొరికింది.”

“మరి ఆ మొహమేంటి? దొరకనప్పుడు పెట్టాల్సిన మొహం పెట్టావు.”

చంటి బయటికొచ్చింది. లిఫ్టు మూడో అంతస్తులో ఆగిపోయి ఉంది. బొత్తాం నొక్కింది, ఇంకోసారి నొక్కింది, మెట్ల వైపు నడిచింది. రెండో అంతస్తు మలుపులో ఉండగా ఫోను మోగింది. వదిన.

“చంటీ, ఎక్కడున్నావు?”

“ఆఫీసులో. ఏమైంది వదినా?”

“ఏమీ అవలేదు. అదే భయంగా ఉంది. మీ అన్నయ్య పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నాడు. యూనిఫాం తనే ఇస్త్రీ చేసుకున్నాడు. ఇరవై మూడు రోజులుగా మంచం దిగని మనిషి. ఏం చేయబోతున్నావయ్యా అంటే, ఇవాళ్టితో అయిపోతుందిలే అన్నాడు. అయిపోవడం ఏంటి, నాకు అర్థం కాలేదు.”

“నువ్వు తనతోనే ఉండు. మూడింటికి నేనొస్తాను. నా దగ్గర ఒక కాగితం ఉంది.”

“మీ ఆఫీసు కాగితాలు చూస్తూనే ఉన్నాం కదమ్మా,” అంది వదిన. కోపంగా కూడా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

నాలుగో అంతస్తులో నోటీసుల విభాగం దాటకుండా డైరెక్టరు గదికి వెళ్లే దారి లేదు. తల దించుకుని వెళ్లిపోదామనుకుంది. కుదరలేదు. సహాయకురాలు కుర్చీలోంచి లేచి అడ్డం వచ్చింది.

“మేడమ్, నాలుగో నంబరు ఉపగ్రహం నోటీసు. మీరు చూస్తే పంపించేస్తాను.”

చంటి కాగితం అందుకుంది. అక్షరాలు కనిపిస్తున్నాయి కానీ లోపలికి దిగడం లేదు. మళ్లీ మొదటి నుంచి చదివింది. బుధవారం మధ్యాహ్నం రెండు గంటల నుంచి రాత్రి ఎనిమిదింటి వరకు. మూడోసారి చదివాక కన్ను ఆగింది.

“రెండు గంటలంటే ఎవరి రెండు గంటలు?”

“మన టైమే మేడమ్.”

“సముద్రం మధ్యలో ఉన్న ఓడకి మన టైముతో పనేముంది? అంతర్జాతీయ సమయం వెయ్యి. వేసి, ఇంకొకరి చేత చదివించి పంపు. నేను చూశాను కదా అని ఊరుకోకు.”

ఆ పిల్ల తల ఊపింది. ఇంతకుముందు మేడమ్ అలాంటి మాట ఎప్పుడూ అనలేదు.

డైరెక్టరుని ఆఫీసంతా మాస్టారనే పిలుస్తుంది. ఇక్కడికి రాకముందు ఆయన ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పారు. అప్పటి శిష్యుల్లో సగం మంది ఇప్పుడు ఇక్కడే పని చేస్తున్నారు. చంటి కూడా వాళ్లలో ఒకతే. ఆమెకి ఈ ఉద్యోగానికి దరఖాస్తు చెయ్యమని కాగితం తెచ్చిచ్చింది ఆయనే. ఆమె పెళ్లికి పెద్దరికం వహించింది ఆయనే. పదవీ విరమణ వయసు దాటాక రెండుసార్లు పొడిగింపు ఇచ్చి మరీ ఆయన్ని ఉంచుకున్నారు. ఎందుకంటే ఉపగ్రహ సంకేతం మీద జనానికి హక్కునిచ్చే పౌర సేవల చట్టం ముసాయిదా ఆయన చేతి మీదుగానే తయారైంది. గురువారం నాడు చట్టసభ కమిటీలో దాని మీద ఓటింగు.

తలుపు తట్టి, లోపల్నుంచి మాట వినిపించకముందే తోసుకుని వెళ్లింది.

గదిలో ఒక గోడ నిండా అరలు. వాటిలో దారి చూపే పెట్టెలు వయసు ప్రకారం వరసగా ఉంటాయి. మొదటిది కుట్టు మిషనంత. చివరిది గోరంత ముక్క, అట్టకి అంటించి ఉంది. మాస్టారు కిటికీ దగ్గర నిలబడి గురువారం చదవాల్సిన ఉపన్యాసాన్ని పెదాలు కదుపుతూ చదువుకుంటున్నారు. తల తిప్పి, ఆమె మొహం చూసి, కాగితాలు దించారు.

“ఏమ్మా, పాపకి మళ్లీ నొప్పి వచ్చిందా?”

ఆ ప్రశ్నకి చంటి సిద్ధంగా లేదు. కూతురి అపెండిక్స్ ఆపరేషనుకని ఆమె నాలుగు రోజులు సెలవు పెట్టింది. సరిగ్గా ఆ నాలుగు రోజుల్లోనే ఇదంతా జరిగింది. ఇప్పటికీ రోజూ పాప గురించి అడిగేది ఈ ఆఫీసులో ఆయనొక్కరే.

“పాప బాగానే ఉంది,” అంటూ ఫైలు తెరిచి కాగితం బల్ల మీద పెట్టింది.

ఆయన కళ్లద్దాలు సరిచేసుకుని చూశారు. చదవడానికి అందులో ఎక్కువ లేదు. నోటీసు నంబరు యాభై ఏడు, పదకొండో నంబరు ఉపగ్రహం, తేదీ, వేళ, పెన్సిలు రాత.

“ఎక్కడ దొరికింది?”

“చిత్తు ప్రతుల కట్టలో. యాభై ఏడు నంబరు ఆ తర్వాత ఇంకో నోటీసుకి ఇచ్చేశారు. అందుకే రిజిస్టరులో ఖాళీ కనిపించలేదు. నేనే ఇరవైసార్లు చూసి ఉంటాను ఆ రిజిస్టరు.”

“నంబరు మళ్లీ వాడటం మామూలేనమ్మా. దాచడానికి చేసింది కాదు. కూర్చో.”

“కూర్చోలేను మాస్టారూ.”

నిజంగానే కూర్చోలేకపోయింది. అరల దగ్గరికి వెళ్లి వెనక్కి వచ్చింది. ఆయన మాత్రం కుర్చీలోకి నెమ్మదిగా దిగారు. ఆయన ఎడమ చెయ్యి రెండేళ్లుగా వణుకుతోంది. దాన్ని కుడిచేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నారు.

“పదకొండో నంబరుని పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మార్చాలి. దానికే నువ్వు సెలవులో ఉండగా మీ వాళ్లు నోటీసు తయారుచేశారు. ఆ సాయంత్రం కంట్రోల్ స్టేషన్ నుంచి కబురొచ్చింది, పని వాయిదా వేశామని. పని లేనప్పుడు నోటీసు ఎందుకు? ఆపమన్నాను. అందులో తప్పుందా?”

“లేదు. అందులో లేదు. తర్వాత?”

మాస్టారు బల్ల మీద కాగితాన్ని కొంచెం పక్కకి జరిపారు. మళ్లీ ఉన్నచోటికే జరిపారు.

“తర్వాత వాళ్లు మనసు మార్చుకున్నారు. ఆ ఉదయం ఐదూ పదికి ఇంటికి ఫోను చేసింది, ఉపగ్రహాల గడియారాలు చూసే ఇంజినీరు. ఇంకో అరగంటలో మొదలుపెడుతున్నాం సార్, నలభై నిమిషాల పని, అత్యవసర నోటీసు పంపించెయ్యండి, అంది.”

“పంపలేదు.”

“పంపలేదు.”

మెట్లెక్కి వస్తూ చంటి పది రకాల జవాబులు ఊహించుకుంది. ఫోను రాలేదంటారు, వచ్చింది కానీ సరిగా వినపడలేదంటారు, ఎవరికో చెప్పాను వాళ్లు మర్చిపోయారంటారు. ఒక్కొక్కదానికీ ఎదురు ప్రశ్న సిద్ధం చేసుకుంది. ఈ ఒక్క మాట ఆ పదింటిలో లేదు.

విషయం చిన్నదే. ఉపగ్రహం పంపేది సమయం తప్ప మరేమీ కాదు. నాలుగైదు ఉపగ్రహాలు చెప్పిన సమయాలని పోల్చుకుని, తను ఎక్కడుందో పెట్టె లెక్క కట్టుకుంటుంది. సెకనులో పదిలక్షవ వంతు తేడా వచ్చిందంటే మూడువందల మీటర్లు తప్పినట్టు. మార్పిడి జరిగిన నలభై ఒక్క నిమిషాల్లో పదకొండో నంబరు గడియారం తప్పు సమయం చెప్పింది. కొత్తరకం పెట్టెలు ఉపగ్రహాల మాటల్ని ఒకదానితో ఒకటి సరిచూసుకుని, పొంతన కుదరనిదాన్ని పక్కన పెట్టేస్తాయి. ఫెర్రీలో ఉన్నది పదకొండేళ్ల నాటి పెట్టె. దానికి ఏ ఉపగ్రహం మాటైనా వేదవాక్కే.

“ఎందుకు పంపలేదు?” అంది చంటి.

“ఆ నెలలో అప్పటికే రెండు అత్యవసర నోటీసులు వెళ్లాయి. ఇంత పెద్ద మార్పిడిలో అలాంటివి తప్పవు, అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. కమిటీలో ఉన్నాడే ఆ రిటైరైన సేనాధికారి, వాటిని వేళ్ల మీద లెక్కపెట్టి చూపిస్తున్నాడు. నెలకి రెండుసార్లు తడబడేదాన్ని పౌరుల హక్కు అని చట్టంలో రాస్తారా, తాళం చెవి మా సైన్యం చేతుల్లోనే ఉండనివ్వండి, అంటున్నాడు. మూడో నోటీసు వెళితే ఇద్దరు సభ్యులు అటు జారిపోతారు. మనకున్నది ఒక్క ఓటు ఆధిక్యం.” ఆయన కిటికీ వైపు చూశారు. “నలభై నిమిషాలే కదా అనుకున్నాను. అంత పొద్దున్నే, ఆ పొగమంచులో ఎవరు బయల్దేరతారులే అనుకున్నాను.”

“పొగమంచులోనే కదా మాస్టారూ, పెట్టె కావలసింది.”

వరండాలో ఎవరో నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

“కాలేజీలో మొదటి రోజు మీరే చెప్పారు. ఎండలో అందరికీ దారి కనిపిస్తుంది, మనం పని చేసేది కనిపించనప్పటి కోసం అన్నారు. నేను నోట్సు రాసుకున్నాను.”

“రాసుకుని ఉంటావు. నువ్వు అన్నీ రాసుకునేదానివి. చంటీ, ఇంక నేను చెప్పేది విను. కోపం తర్వాత పడు. మన చట్టంలో ఏడో సెక్షను నువ్వే టైపు చేశావు.”

“పదకొండుసార్లు.”

“అందులో ఏముందో చెప్పు.”

పరీక్షలో నిలబెట్టినట్టుంది చంటికి. అయినా చెప్పింది. “పౌర సంకేతాన్ని ఎవరు ఆపాలన్నా, తగ్గించాలన్నా, నలభై ఎనిమిది గంటల ముందు చెప్పి తీరాలి. చెప్పలేకపోతే కారణం రాసివ్వాలి. ప్రమాదం జరిగితే కంట్రోల్ స్టేషన్ రికార్డులు విచారణ ముందు పెట్టాలి.”

“ఇవాళ అవి పెట్టరు. భద్రతా విషయాలంటారు. మీ అన్నయ్య విచారణలో వాళ్లు ఒక్క కాగితం ఇచ్చారా? ఇవ్వరు. ఇప్పుడు మనం పంపే నోటీసులు కూడా చట్టం వల్ల వెళ్లడం లేదు, మర్యాద కోసం వెళుతున్నాయి. ఎవరికైనా ఇష్టం లేకపోతే రేపటి నుంచి ఆపెయ్యచ్చు. నేను పాఠాలు చెప్పే రోజుల్లో పౌరులకి కావాలని మసక సంకేతం ఇచ్చేవారమ్మా. వంద మీటర్లు అటూ ఇటూ. మీకు అది చాలు అనేవారు. అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి ఇరవై రెండేళ్లు పట్టింది నాకు. ఈ కాగితం ఇవాళ బయటికి వెళితే గురువారం ఏడో సెక్షను పోతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో నేను చూడను.”

“ఏం చెయ్యమంటారు నన్ను?”

“నాలుగు రోజులు ఆగు. శుక్రవారం పొద్దున నేనే విచారణ సంఘం ముందుకి వెళతాను. జరిగింది జరిగినట్టు చెబుతాను. కావాలంటే ఇప్పుడే రాసిస్తాను, నీ దగ్గర పెట్టుకో.”

చంటి మళ్లీ అరల దాకా వెళ్లింది. కుట్టు మిషనంత పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది. ఇనుము చల్లగా తగిలింది. ఆయన మాట మీద నిలబడే మనిషి. శుక్రవారం అంటే శుక్రవారమే వెళతారు. ఆ సంగతి తెలుసు కాబట్టే కాదనడం ఆమెకి అంత కష్టంగా ఉంది.

“ఇవాళ సాక్ష్యాలు ముగుస్తాయి. రేపు నివేదిక. ఎల్లుండికి అన్నయ్య లైసెన్సు పోతుంది, పోలీసు కేసు మొదలవుతుంది.”

“మళ్లీ తెరిపించవచ్చు.”

“ఎవరు తెరిపిస్తారు? శుక్రవారం తర్వాత మీరు ఏ కుర్చీలో ఉంటారు మాస్టారూ?”

ఆ మాట అనేశాక ఆమెకే నాలుక కరుచుకోవాలనిపించింది. మాస్టారు నొచ్చుకున్నట్టు కనిపించలేదు. తగ్గు స్వరంతో అడిగారు.

“మీ అన్నయ్య కాకుండా ఇంకెవరో సరంగు అయ్యుంటే?”

ఇరవై మూడు రోజులుగా ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని ఆమెకి తెలుసు. విలేఖరో, లాయరో అడుగుతారనుకుంది.

“తెలీదు,” అంది. “బహుశా మీరడిగిన నాలుగు రోజులూ ఇచ్చేసేదాన్నేమో. అందుకే సిగ్గుగా ఉంది. కానీ ఒకటి చెప్పండి. రాబోయే చట్టం ఏమంటోంది? ఏదైనా తేడా జరుగుతుంటే ముందుగా జనానికి చెప్పి తీరాలంటోంది. ఆ చట్టం గట్టెక్కాలంటే ఇవాళ చెప్పకుండా ఉండాలంటున్నారు మీరు. ఆ ఉదయం కూడా మీరు అదే అనుకున్నారు. అప్పుడు నలభై నిమిషాలు. ఇప్పుడు నాలుగు రోజులు. రేపు ఆ సేనాధికారి తాళం చెవి పుచ్చుకుని, దేశం కోసం ఒక్క గంట అంటాడు. ఆయనకి మనం ఏం చెబుతాం?”

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు. ఒక్కసారిగా పదేళ్లు మీద పడ్డట్టున్నారు. వణికే చేతిని పట్టుకోవడం కూడా మర్చిపోయారు. అది బల్ల అంచుకి తగిలి టకటకమంటోంది. చంటికి దగ్గరికి వెళ్లి ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది. వెళ్లలేదు. వెళితే నాలుగు రోజులూ ఇచ్చేస్తానని ఆమెకి భయం.

గోడ గడియారం పన్నెండున్నర దాటింది. ఆయన సొరుగు లాగి కలం తీశారు.

“ఆ కాగితం ఇలా ఇవ్వు.”

చంటి కదలలేదు.

“చింపనులే అమ్మా.” మొదటిసారి కొంచెం నవ్వారు. “పెన్సిలు రాతని ఎవరైనా కాదనచ్చు. ఇంకొకడు రబ్బరుతో చెరిపెయ్యచ్చు కూడా.”

కాగితం తిప్పి, కుడిచేత్తో, అక్షరం వంకర పోకుండా రాశారు. ఐదూ పదికి ఫోను రావడం, చేసిందెవరో, ఏమని చెప్పిందో, తను నోటీసు పంపకపోవడం, ఎందుకు పంపలేదో. మొత్తం ఆరు వాక్యాలు. కింద పూర్తి పేరుతో సంతకం, తేదీ, సమయం. ఇంకు ఆరేదాకా ఊదారు. ఫైలులో పెట్టి ఆమె వైపు జరిపారు.

“మీరు?” అంది చంటి.

“కమిటీ అధ్యక్షుడికి ఫోను చేస్తాను. రేపు పేపర్లో చూసేకంటే ఇవాళ నా నోట వినడం నయం. వెళ్లు. రేవు దాకా రెండు గంటలు పడుతుంది, ట్రాఫిక్కు ఎలా ఉందో.” ఆమె గుమ్మం దాకా వెళ్లాక మళ్లీ పిలిచారు. “నీ ధ్రువపత్రం సంగతి నువ్వే ముందు చెప్పెయ్యి. వాళ్లు అడిగేదాకా ఆగకు.”

రేవు ఆఫీసు మేడ మీద హాలు ఒకప్పటి గిడ్డంగి. కిటికీలు ఎత్తులో ఉంటాయి, గాలి రాదు. కింద క్రేనులు కదిలినప్పుడల్లా బెంచీలు సన్నగా అదురుతాయి. చంటి మెట్లెక్కేసరికి మూడుకి పది నిమిషాలుంది. అన్నయ్య వరండాలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ మడత చెదరని తెల్ల యూనిఫాం, నున్నగా గీసిన గడ్డం. ఇరవై మూడు రోజుల్లో మెడ ఎంత సన్నబడిందో కాలరు దగ్గర తెలుస్తోంది. పక్కన వదిన చేతిసంచి గుండెలకి హత్తుకుని నిలబడింది.

“చంటీ, ఒక్క నిమిషం ఇటు రా,” అన్నాడు అన్నయ్య.

“ఇప్పుడు కాదన్నయ్యా. ముందు నన్ను లోపలికి వెళ్లనివ్వు.”

“నీతో చెప్పాల్సింది ఉంది.”

“అయ్యాక ఎంతసేపైనా చెప్పు. నీకేం కాదింక. నువ్వేం మాట్లాడకు, నేను మాట్లాడతాను.”

అతను ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుని లోపలికి వెళ్లిపోయింది. చిన్నప్పటి నుంచి అన్నయ్య మాట కాదని ఆమె చెయ్యి విడిపించుకున్నది అదే మొదటిసారి.

విచారణ సంఘానికి అధ్యక్షురాలు రిటైరైన జడ్జి. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ రాసుకుంటుంది. ముందు వరస బెంచీలో లెక్కల టీచరు భర్త కూర్చుని ఉన్నాడు. ఆ ఉదయం ఆయన కూడా భార్యతో పాటు ఫెర్రీలోనే ఉన్నాడు. కుడిచేతికి ఇంకా కట్టు ఉంది. చొక్కా జేబులో రెండు జతల కళ్లద్దాలు. ఒకటి ఆయనది, ఒకటి ఆవిడది. ఆసుపత్రిలో ఎప్పుడు కళ్లు తెరుస్తుందో, తెరవగానే అడుగుతుందని వెంటే తిప్పుకుంటున్నాడు. ప్రతి విచారణకీ వస్తాడు. ఇంతవరకూ ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు.

చంటి అనుమతి అడిగి లేచింది. మాస్టారు చెప్పినట్టే ముందు తన ధ్రువపత్రం గురించి చెప్పింది.

“దాంట్లో రాసిన ప్రతి అక్షరం నిజం. అయినా అది మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. సంతకం పెట్టేముందు నేను చూసుకోవాల్సింది రిజిస్టరు ఒక్కటే కాదు, చిత్తు ప్రతులు కూడా. చూసుకోలేదు. ఇప్పుడు చూశాను.”

కాగితం అందించింది. జడ్జి మొదట పెన్సిలు వైపు, తర్వాత ఇంకు వైపు చదివింది. పక్కనున్న ఇద్దరు సభ్యులకి అందించింది. ఫెర్రీ కంపెనీ లాయరు సగం లేచి మళ్లీ కూర్చున్నాడు.

“ఈ సంతకం డైరెక్టరుగారిదేనా?”

“అవునండీ. నా ఎదురుగానే పెట్టారు.”

“ఇది ఇస్తే ఏమవుతుందో వారికి తెలుసా?”

“నాకంటే బాగా తెలుసు.”

“మీకు?”

“తెలుసండీ.”

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. వెనక వరసలో ఒక విలేఖరి అప్పుడే ఫోను పట్టుకుని బయటికి నడిచాడు. ఆ చెప్పుల చప్పుడు మెట్ల మీద దిగిపోతుంటే, ఏడో సెక్షను కూడా దాని వెంటే దిగిపోతున్నట్టు చంటికి అనిపించింది. పదకొండుసార్లు టైపు చేసిన వాక్యాలు. వదిన మాత్రం ఏడుస్తోంది. చప్పుడు లేకుండా, సంచిలో మొహం పెట్టుకుని. ఇన్నాళ్ల తర్వాత అది వేరే ఏడుపు.

జడ్జి కాగితాన్ని ఎదుట పెట్టుకుని అన్నయ్య వైపు తిరిగింది.

“మీ పెట్టె ఆ ఉదయం తప్పు చూపించి ఉండటానికి అవకాశం ఉందని ఈ కాగితం చెబుతోంది. మొదటి రోజు మీరు చెప్పిన దానికి ఇది బలం. ఇంక మీరు చెప్పేది ఏమైనా ఉందా?”

లేదని చెప్పమని చంటి కళ్లతోనే బతిమాలింది. అన్నయ్య ఆమె వైపు చూడకుండా లేచాడు. టోపీ తీసి బెంచీ మీద పెట్టాడు.

“ఉందమ్మా. మా చెల్లెలు తెచ్చింది నిజమే అయ్యుంటుంది. పెట్టె తప్పే చూపించి ఉంటుంది. కానీ అది ఏం చూపించిందో నేను చూడలేదు. మొదటి రోజు నేను చెప్పింది అబద్ధం. మేటకి గుద్దుకునే వేళకి చుక్కాని దగ్గర నేను లేను.”

కింద క్రేను కదిలింది. బెంచీలు అదిరాయి. లాయరు ఈసారి పూర్తిగా లేచి నిలబడ్డాడు. జడ్జి చెయ్యెత్తి ఆయన్ని ఆపింది.

“మీరు లేకపోతే ఎవరున్నారు?”

అన్నయ్య బెంచీ మీది టోపీని చేతిలోకి తీసుకుని మళ్లీ అక్కడే పెట్టాడు.

“సరంగుగారూ, మిమ్మల్నే. మీరు ఎక్కడున్నారు? చుక్కాని ఎవరి చేతిలో ఉంది?”

అతని కళ్లు నేల మీదే ఉన్నాయి. చంటికి వరండాలో విడిపించుకున్న మోచెయ్యి దగ్గర అతని వేళ్ల ఒత్తిడి ఇంకా తెలుస్తోంది.

ముందు వరసలో బెంచీ కిర్రుమంది. లెక్కల టీచరు భర్త కట్టు కట్టిన చేతిని ఎడమచేత్తో ఆనించుకుని లేచి నిలబడ్డాడు. ఇరవై మూడు రోజుల్లో ఆ హాలు ఆయన గొంతు వినడం అదే మొదలు.

“ఆయన చెప్పరమ్మా,” అన్నాడు. “చెప్పొద్దని ఆయన దగ్గర మాట తీసుకున్నది నేను.”